ప్లేగు నేర్పిన పాఠము

పూర్వకాలమున మన పల్లెలలో కలరా, మశూచికము, ప్లేగు అను పేర్లు వినినంతనే జనులు గడగడ వడకుచుండెడివారు. తెలంగాణమున కలరాను ‘గత్తర’ యనిరి. మశూచికము సోకినవారిని చూచి ‘అమ్మవారు పోసినది’ యని చేతులు జోడించిరి. వ్యాధికి కారణము తెలియని ఆ కాలమున దానికొక పేరు పెట్టి, ఒక రూపము కల్పించి, ఊరి పొలిమేర దాటించుటకై జాతరలు చేసికొనిరి. నేడు కాలము మారినది. మశూచికము లోకమునుండి నిర్మూలింపబడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980వ సంవత్సరమున ప్రకటించినది. కలరాకును ప్లేగునకును మంచి చికిత్సలు కలవు. అయినను అంటువ్యాధి వచ్చినప్పుడు మనుష్యుల మనస్సున పుట్టెడి భయము మాత్రము మారలేదు. ఆ భయము మనచేత ఏయే పనులు చేయించును? అవి వ్యాధిని తగ్గించునా, పెంచునా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటకు 1896వ సంవత్సరమున బొంబాయి నగరమున పొడసూపిన ప్లేగు వృత్తాంతము మిక్కిలి తోడ్పడును.

ఆనాటి బొంబాయి మన దేశపు పెద్ద రేవుపట్టణములలో నొకటి. 1891వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము అందు ఎనిమిది లక్షలకు పైగా జనులుండిరి. నూలుమిల్లులలో పనికై కొంకణ తీరమునుండియు, దక్కను పల్లెలనుండియు వేలకొలది కూలీలు వచ్చి చేరుచుండిరి. నిజాము రాజ్యమునుండి పోయిన తెలుగు కూలీలును అందుండిరి. వారిని అచ్చట ‘కామాఠీ’లని పిలిచెడివారు. వారి పేరుతో నేటికిని ఆ నగరమున కామాఠిపుర మను పేట కలదు. కూలిజనులలో పెక్కురు ‘చాల్’ అనబడు అంతస్తుల యిండ్లలో, గాలియు వెలుతురును చొరని చిన్న గదులలో, గదికొక కుటుంబము చొప్పున కాపురముండిరి. రేవునకు చేరువనున్న మాండ్వీ పేటలో ధాన్యపు గిడ్డంగు లుండెను. ధాన్యమున్న చోట ఎలుకలుండుట సహజమే కదా!

1896 సెప్టెంబరు నెలలో మాండ్వీలో కొందరు తీవ్రజ్వరముతో మంచము పట్టిరి. వారి గజ్జలలోను చంకలలోను బిళ్ళలు కట్టెను. కొలది దినములలోనే పెక్కురు మరణించిరి. గోవాకు చెందిన అకాసియో గాబ్రియల్ వీగాస్ అను వైద్యుడు ఆ రోగులను పరీక్షించి, ఇది ప్లేగని నిర్ధారణ చేసి ప్రకటించెను. ఆ మాట పలువురకు రుచింపలేదు. ప్లేగను పేరు బయటపడినచో విదేశపు ఓడలు రేవునకు రావు, వ్యాపారము కుంటుపడును. కావున కొందరిది యేదో విషజ్వరమనిరి. కొందరు వైద్యుడు పొరబడెననిరి. అంటువ్యాధి వచ్చినప్పుడు మనుష్యుని మనస్సు మొట్టమొదట చేయు పని ఇదియే, ఉన్నదానిని లేదనుట. ఇట్లు వాదములతో గడచిన ప్రతిదినమును వ్యాధికి లాభమే యయ్యెను.

ప్లేగనగా నేమి? ఇది ఒక సూక్ష్మక్రిమివలన కలుగు వ్యాధి. 1894లో హాంకాంగు నగరమున ప్లేగు చెలరేగినప్పుడు యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు ఆ క్రిమిని కనుగొనెను. ఇది ముఖ్యముగా ఎలుకల వ్యాధి. ఎలుక వెండ్రుకలలో దాగి, దాని రక్తమును పీల్చి బ్రతికెడి చిన్న దూకుడు పురుగు లుండును. రోగము సోకిన ఎలుక చచ్చినంతనే ఆ పురుగులు చల్లబడిన దేహమును విడిచి, దగ్గరనున్న మనుష్యులను కుట్టును. అప్పుడు రోగక్రిమి మనుష్యుని దేహమున ప్రవేశించును. కొన్ని వేళల వ్యాధి ఊపిరితిత్తులకు సోకి, దగ్గు తుంపరలద్వారా మనిషినుండి మనిషికి వ్యాపించును. కావున ఎలుకలు చచ్చి పడుట రానున్న ఆపదకు మొదటి గుర్తు. కాని 1896లో ఈ సంగతి యెవరికిని నిశ్చయముగా తెలియదు. మురికివలనను, చెడుగాలివలనను, రోగి తాకిన గుడ్డలవలనను వ్యాధి ప్రబలుచున్నదని అధికారులు తలంచిరి. శత్రువెవరో యెఱుగక చేయు యుద్ధమువలె వారి ప్రయత్నములు సాగెను.

మరణములు పెరిగిన కొలదియు జనులు నగరమును విడువజొచ్చిరి. రైళ్ళు క్రిక్కిరిసెను. 1897 ఆరంభమునాటికి నగరవాసులలో దాదాపు సగముమంది వెడలిపోయిరి. అంగళ్ళు మూతపడెను. పనివారు లేక మిల్లులు వెలవెలబోయెను. ప్రాణముపై తీపి యెవరికి లేదు? వెళ్ళిపోయినవారి నందరిని తప్పు పట్టజాలము. ఎలుకలు చచ్చుచున్న యింటిని విడిచి బయట నివసించుట నిజముగా మేలే. తరువాతి సంవత్సరములలో దక్కను పల్లెవాసులు ఎలుకలు పడగానే ఊరు ఖాళీచేసి, పొలములలో గుడిసెలు వేసికొని, వ్యాధి తగ్గిన పిదప ఇండ్లు చేరుచుండిరి. అది అనుభవము నేర్పిన తెలివి. కాని తన ఊరి పొలమునకు తరలుట వేరు, మూటాముల్లె కట్టుకొని దూరనగరమునకు పరుగెత్తుట వేరు. పారిపోయినవారితోను, వారి మూటలతోను, సరకుల బస్తాలతోను వ్యాధియు ప్రయాణము చేసెను. ఆ సంవత్సరము ముగియకముందే అది పూనాను, కరాచీని చేరెను.

నగరమున మిగిలినవారిలో మఱియొక విధమైన నడవడి కనబడెను. అది రోగిని దాచుట. ఇంటిలో ఎవరికేని జ్వరము వచ్చినచో తలుపులు మూసి, ఇరుగుపొరుగువారికి తెలియనీయక, రోగిని లోపలి గదిలో నుంచిరి. ఇట్లేల చేసిరి? అధికారులు రోగిని బలవంతముగా ఆసుపత్రికి చేర్చెడివారు. అచ్చట ఆచారము సాగునో సాగదో, తినెడి అన్నము ఎవరు వండినదో, చివరిక్షణమున నోట నీరు పోయుటకు తనవా రుందురో లేదో అను బెంగ ప్రతివారికి నుండెను. మఱియు ఆసుపత్రికి పోయినవారిలో తిరిగి వచ్చువారు తక్కువ. దానికి కారణ మొకటి కలదు. దాచి దాచి, ఆశ వదలుకొన్న పిమ్మట తెచ్చిన రోగులే ఆసుపత్రిలో ఎక్కువగా నుండిరి. వారు మరణించిరి. ఆ మరణములను చూచి జనులు ఆసుపత్రికి మఱింత భయపడిరి. భయపడి మఱింత దాచిరి. ఇట్లు భయము మరణమునకును, మరణము భయమునకును కారణమై, గానుగెద్దువలె ఒకే త్రోవలో తిరుగజొచ్చెను.

భయమున్నచోట వదంతులు పుట్టుటకు ఆలస్యముండదు. ఆసుపత్రిలో రోగులను చంపి వారి శరీరములనుండి తైలము తీయుదురని యొక వార్త ప్రాకెను. టీకాసూదిలో విషమున్నదని మఱియొక వార్త బయలుదేరెను. ఎవరును తాము చూచితిమని చెప్పలేదు, అందరును విన్నామనిరి. నోటినుండి నోటికి పోవుచు గోరంత మాట కొండంత యయ్యెను. 1896 అక్టోబరు 29వ తేదీన సుమారు వేయిమంది మిల్లుకార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడిచేసిరి. ఏ చోట తమకు చికిత్స దొరకవలెనో ఆ చోటనే వారు శత్రువుల కోటగా నెంచిరి.

ప్రభుత్వమువారు ఈ భయమును పోగొట్టుటకు బదులు దానిని రెట్టింపు చేసిరి. 1897 ఫిబ్రవరి 4వ తేదీన అంటువ్యాధుల చట్టము అమలులోనికి వచ్చెను. ఇండ్లలో చొరబడి వెదకుటకును, రోగులను వేరుచేయుటకును, ప్రయాణికులను పరీక్షించుటకును ఆ చట్టము అధికారులకు విశేషాధికారముల నిచ్చెను. పూనా నగరమున రాండ్ అను అధికారి ఆజ్ఞపై మార్చి నెలనుండి సైనికులు ఇల్లిల్లు సోదా చేసిరి. వారు వంటయింటిలోనికిని, దేవుని గదిలోనికిని చొరబడుచున్నారనియు, స్త్రీలను అవమానించుచున్నారనియు, సామానులు వీధిలో వేసి తగులబెట్టుచున్నారనియు జనులు మొరపెట్టుకొనిరి. ఆ మొర నాలకించు చెవులు లేకపోయెను. జూన్ 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చిరి. అతడు కొలది దినములకు మరణించెను. తిలక్ మహాశయుని తన పత్రికలోని వ్రాతలకై కారాగారమునకు పంపిరి. ప్లేగుతో మొదలైన వ్యవహారము రక్తపాతముగా పరిణమించెను. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు, వ్యాధితో బాధపడుచున్న ప్రజలకు అధికారుల కాఠిన్యము తోడయ్యెను.

ఈ కాఠిన్యమువలన ప్లేగు తగ్గినదా? సోదా జరుగునని తెలిసిన వెంటనే జనులు రోగులను ఒక యింటినుండి మఱియొక యింటికి మార్చిరి. కొందరు శవములను గూడ రహస్యముగా దహనము చేసిరి. 1898 మార్చిలో బొంబాయియందు ఒక నేతపనివాని యింట జబ్బుపడిన బాలికను పరీక్షింపబోగా మరల అల్లరులు చెలరేగెను. సైన్యము ఇంటి తలుపులు తెరవగలిగినది గాని మనుష్యుల మనస్సులను తెరవజాలకపోయినది.

ఇదే కాలమున మఱియొక విధమైన మనుష్యులును కనబడిరి. వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలోని గ్రాంటు వైద్యకళాశాలలో ఒక చిన్న గదిలో కూర్చుండి ప్లేగునకు టీకామందు తయారుచేసెను. దాని నితరులకు వేయుటకు ముందు, 1897 జనవరి 10వ తేదీన తన శరీరమునకే ఎక్కించుకొనెను. జ్వరమును నొప్పియు కలిగినను వెనుదీయలేదు. పిమ్మట బైకుళా కారాగారమున ఇష్టపడిన ఖైదీలకు టీకా వేసి ఫలితమును పరీక్షించెను. ఆ టీకా పూర్ణరక్షణ మీయకపోయినను వ్యాధిని చాలవరకు తగ్గించునని తేలెను. ఇస్మాయిలీల మతగురువైన ఆగాఖాన్ అప్పటికి సుమారిరువదియేండ్ల యువకుడు. అతడు హాఫ్‌కిన్‌కు తన భవనమున చోటిచ్చి, తనవారి సందేహము తీర్చుటకై పదిమంది యెదుట తానే మఱలమఱల టీకా వేయించుకొనెను. అంతవరకు జంకుచుండినవారిలో వేలమంది ముందునకు వచ్చిరి. వేయి ఉపన్యాసములు చేయలేని పనిని ఒక చాచిన చేయి చేసినది.

పూనాలో స్త్రీవిద్యకై జీవితమంతయు ధారపోసిన సావిత్రీబాయి ఫూలే అప్పటికి అరువదియాఱేండ్ల వృద్ధురాలు. ఆమెయు, వైద్యుడైన ఆమె పెంపుడు కుమారుడు యశ్వంతుడును ఊరి వెలుపల ఒక చికిత్సాలయము నెలకొల్పి రోగులకు సేవచేసిరి. ప్లేగు సోకిన ఒక బాలుని ఆమె స్వయముగా మోసికొని అచ్చటికి చేర్చెనని చెప్పుదురు. ఆ సేవలోనే ఆమెకు వ్యాధి సోకి 1897 మార్చి 10వ తేదీన కన్నుమూసెను. సైనికులు బలవంతముగా లాగుకొని పోయిన రోగియు, సావిత్రీబాయి మోసికొని పోయిన రోగియు చేరినది చికిత్సాలయమునకే. కాని మొదటిదానిని చూచినవారు తలుపు మూసికొనిరి. రెండవదానిని చూచినవారు తలుపు తెరచిరి.

క్రమముగా ప్రభుత్వమువారికిని ఈ సత్యము బోధపడెను. కొలది సంవత్సరములలో బలవంతపు సోదాలను, నిర్బంధపు తరలింపులను సడలించిరి. టీకాను ఇష్టపడినవారికే వేసిరి. వివిధ మతములవారును, కులములవారును తమతమ ఆసుపత్రులను పెట్టుకొనుటకు అంగీకరించిరి. తనవారి చేతి మంచినీరు దొరకునని తెలిసినపిదప రోగులు సకాలమున చేరసాగిరి. 1898లో కరాచీ నగరమున సిమోం అను ఫ్రెంచి వైద్యుడు ఎలుకలపైనున్న పురుగులే ప్లేగును మోయుచున్నవని ప్రయోగము చేసి చూపెను. మొదట ఆ మాటను నమ్మినవారు తక్కువ. తరువాతి పరిశోధనలు దానిని స్థిరపరచెను.

నమ్మకము సంపాదించుట ఎంత కష్టమో, పోగొట్టుకొనుట అంత తేలిక. 1902లో పంజాబులోని ముల్కోవాల్ అను గ్రామమున టీకా వేయించుకొన్న పందొమ్మిదిమంది ధనుర్వాతముతో మరణించిరి. ఒక సీసాలోని మందు కలుషిత మగుటయే దానికి కారణము. నింద హాఫ్‌కిన్‌పై పడెను. దోషము ప్రయోగశాలది కాదని తేలి అతడు నిర్దోషియని 1907లో ఒప్పుకొనిరి. ఒక్క సీసా విషయమున జరిగిన అజాగ్రత్త వేలమంది మనస్సులలో సందేహమును నాటినది. కావున ప్రజలు వైద్యుని నమ్మవలెనన్నచో, వైద్యులును అధికారులును ఆ నమ్మకమునకు తగినట్లు మెలగవలెను. పొరపాటు జరిగినచో దాచక చెప్పవలెను. దాచుట రోగికి ఎంత హానియో ప్రభుత్వమునకును అంత హాని.

తరువాతి మూడు దశాబ్దములలో మన దేశమున ప్లేగువలన కోటికి మించిన జనులు మరణించిరి. 1911లో అది హైదరాబాదు నగరమును గూడ పీడించెను. మఱుసటి సంవత్సరమున ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు పేటలను తొలగించి గాలియు వెలుతురును గల ఇండ్లను కట్టించెను.

ఇది పాతకథ యని మనము తలంపరాదు. 1994 సెప్టెంబరులో గుజరాతులోని సూరతు నగరమున ప్లేగు వచ్చెనను వార్త పుట్టెను. తెలంగాణమునుండి పోయి మరమగ్గములపై బ్రతుకు నేతపనివారును అందు చాలమంది కలరు. కొలది దినములలో లక్షలాది జనులు బస్సులలోను రైళ్ళలోను ఊరు విడిచిరి. వారిలో కొందరు వైద్యులును ఉండిరి! అప్పటికి ప్లేగునకు మందు కలదు. మాత్రలు అంగళ్ళలో దొరకుచుండెను. అయినను తొంబదియెనిమిది సంవత్సరముల నాటి బొంబాయి పరుగే మరల కనబడెను. ఆ మఱుసటి సంవత్సరము నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు చెత్తను తొలగించుటయందును, మురుగు పారుటయందును ఎంతో శ్రద్ధ వహింపగా, సూరతు దేశములోని పరిశుభ్ర నగరములలో నొకటిగా పేరొందెను.

2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడును మన మీ గుణములన్నిటిని చూచితిమి. వ్యాధి లేదనినవారు, సోకినను దాచినవారు, వదంతులను నిముషములో వేలమందికి పంపినవారు ఉండిరి. ఆసుపత్రిలో పనిచేయు వైద్యులను, నర్సులను అద్దెయిల్లు ఖాళీచేయుమని ఒత్తిడి చేసిన యిండ్ల యజమానులును ఉండిరి. రోగులకు ఇంటివాకిట అన్నము పెట్టినవారును, బంధువులు రాని శవములకు అంత్యక్రియలు చేసినవారును ఉండిరి. అప్పుడొక విశేషము జరిగినది. పూర్వము ప్రజల యిండ్లలో చొరబడుటకు అధికారమిచ్చిన ఆ 1897వ సంవత్సరపు చట్టమునే 2020లో సవరించి, వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేయువారికి శిక్ష విధించిరి.

బాలబాలికలారా! అంటువ్యాధి వచ్చినప్పుడు భయపడుట తప్పు కాదు. భయము మనలను జాగ్రత్తగా నుంచును. కాని ఆ భయము మనచేత మూడు పనులు చేయింపకుండ చూచుకొనవలెను. మొదటిది రోగమును దాచుట. దాచిన రోగము ఇంటిని దాటి వీధికి ప్రాకును. సకాలమున చెప్పిన రోగము చాలవరకు నయమగును. రెండవది తెలియని మాటను వ్యాపింపజేయుట. విన్నదానిని పదిమందికి చెప్పుటకు ముందు ‘ఇది ఎవరు చూచిరి? ఎవరు పరీక్షించిరి?’ అని అడుగవలెను. మూడవది రోగిపైనో, ఒక కులముపైనో, ఒక మతముపైనో, ఒక ఊరిపైనో నింద మోపుట. క్రిమికి కులము లేదు, ఊరు లేదు. రోగి దోషి కాడు, ఆపదలో నున్న మన పొరుగువాడు.

వైద్యులు దూరముగా నుండుమనినప్పుడు దూరముగా నుండుడు. కాని దూరముగా నుండుట వేరు, దూరము చేయుట వేరు. గడప దాటకుండగనే రోగి కిటికీచెంత మంచినీటి కూజా ఉంచవచ్చును. మందు తెచ్చి పెట్టవచ్చును. ‘భయము లేదు, మేమున్నాము’ అని ఒక మాట చెప్పవచ్చును. 1896లో తలుపులు మూసికొన్న బొంబాయివాసులు ఎదురుచూచినది ఆ మాట కొఱకే. అది వారికి ముందుగనే వినబడియున్నచో, ఎన్ని తలుపులు సకాలమున తెరచుకొనెడివో!